సముద్రం లేని ఊళ్ళో ఆటుపోట్ల పాఠం: తార్నాకలో రెండు రోజుల ఖగోళ శిక్షణ తరగతిపై సమీక్ష

గురుడి చుట్టూ, శని చుట్టూ తిరిగే మంచు చందమామల కడుపులో నీరుందో, రాయి ఉందో, రెండూ కాని ముద్ద ఉందో, అక్కడ దిగకుండా, తవ్వకుండా, కేవలం ఆటుపోట్లను కొలిచి తేల్చే పద్ధతిని మామూలు మనుషులకు నేర్పిస్తామని ఒక చిన్న ఖగోళ శిక్షణ కేంద్రం వారు ప్రకటించగానే నేను రెండు సీట్లకు డబ్బు కట్టేశాను. తరగతి తార్నాకలో, మెట్రో స్టేషను నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులోని హాల్లో, శని ఆదివారాలు రెండు రోజులూ ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదింటి దాకా జరిగింది. మనిషికి 1,800 రూపాయలు, ఒకే ఇంటి నుంచి వచ్చే రెండో మనిషికి 1,500. నాతో వచ్చిన రెండో మనిషి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా మనవరాలు. నేను ఉద్యోగమంతా ఒక ఓడరేవులో ఆటుపోట్ల కొలతల విభాగంలో చేసి, పదవీ విరమణ తరవాత హబ్సిగూడలో కొడుకు దగ్గర ఉంటున్నవాణ్ణి. అందుచేత ఈ సమీక్షలో వృత్తి తాలూకు చాదస్తం కొంత కనబడితే పాఠకులు మన్నించాలి. ముందే చెప్పేస్తున్నాను: పాఠానికి నేను నూటికి తొంభై మార్కులు వేస్తాను, చేతికిచ్చిన పుస్తకానికి మాత్రం నలభై దాటవు.

ఇటువంటి తరగతులు సాధారణంగా మెరిసే బొమ్మలతో మొదలవుతాయి. గ్రహాల రంగుల చిత్రాలు, వెనక గంభీరమైన సంగీతం, ఆ పైన అక్కడ జీవం ఉందా లేదా అన్న ప్రశ్న. ఇక్కడ అవేవీ లేవు. పాఠం చెప్పిన ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయేమో, చాక్‌పీసుతో హాలు నేల మీద ఒక గీత గీసి, "ఈ గీత ఇప్పుడున్న ఎత్తులో మధ్యాహ్నానికి ఉండదు" అన్నారు. చంద్రుడూ సూర్యుడూ సముద్రాన్ని మాత్రమే కాక నేలను కూడా లాగుతారు కనుక, హైదరాబాదు నేల రోజుకు రెండుసార్లు లేచి దిగుతూ ఉంటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ ఈ తేడా ముప్పై, నలభై సెంటీమీటర్ల దాకా పోతుంది. చార్మినారూ, హుస్సేన్‌సాగరూ, మనం కూర్చున్న కుర్చీలూ అన్నీ కలిసే లేస్తాయి కాబట్టి ఎవరికీ తెలియదు. సముద్రం లేని ఊళ్ళో ఆటుపోట్ల పాఠం ఏమిటని నవ్వుకుంటూ వచ్చినవాళ్ళు ఈ ఒక్క మాటతో నిటారుగా కూర్చున్నారు.

తరవాత ఆమె మన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ అందరికీ చూపించే రేవుల నీటిమట్టాల గీతల్లోంచి విశాఖపట్నం గీతను తెర మీద వేశారు. ఆ గీతను చూడగానే నాకు పాత రోజులు గుర్తుకొచ్చాయి. రేవు గోడకు ఆనించి నీళ్ళలోకి దింపిన లావుపాటి గొట్టం, అందులో తేలే ఫ్లోటు, దాని తీగ కదలికను డ్రమ్ము మీది కాగితంపై గీసే కలం. గొట్టం అడుగున చిన్న కన్నం మాత్రమే ఉంటుంది కాబట్టి అలల తుళ్ళింత లోపలికి రాదు, నిదానంగా వచ్చే పోటూ పాటూ మాత్రమే వస్తాయి. వారానికొకసారి ఆ కాగితం మార్చి, పక్కనున్న కొలబద్దతో సరిచూసి, తేడా ఉంటే ఎర్రసిరాతో రాసేవాళ్ళం. ఇన్నేళ్ళూ నేను నీరు ఎంత లేచిందో కొలుస్తున్నాననే అనుకున్నాను. కొలబద్ద నాటింది నేలలో కదా, ఆ నేల కూడా లేస్తున్నప్పుడు కొలబద్ద చూపించేది నీటికీ నేలకీ మధ్య తేడా మాత్రమేనని ఈ తరగతిలో గాని నా బుర్రకెక్కలేదు.

ఈ తేడాలోంచే భూమి లోపలి సంగతి బయటపడిన చరిత్రను ఆమె చెప్పిన తీరు ఈ రెండు రోజుల్లోనూ ఉత్తమమైన భాగమని నా అభిప్రాయం. పందొమ్మిదో శతాబ్దంలో భూమి పైన పలచటి పెంకు, లోపలంతా కరిగిన ద్రవం అని చాలామంది నమ్మేవారు. విలియం థామ్సన్, అంటే తరవాతి కాలపు లార్డ్ కెల్విన్, దానికి అడ్డుపడ్డాడు. లోపలంతా ద్రవమే అయితే పెంకు కూడా సముద్రంతో సమానంగా లేస్తుంది, అప్పుడు రేవుల్లో కొలబద్ద మీద పోటు దాదాపు కనబడనే కూడదు అన్నాడు. భూమి ఏమాత్రం వంగని గట్టి రాయైతే పోటు మొత్తం కనబడాలి. 1880లలో జార్జ్ డార్విన్, పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ కొడుకే, ఇంగ్లండ్, ఫ్రాన్స్, భారత్ రేవుల లెక్కలు తీసుకొని పక్షానికొకసారి వచ్చే నిదానమైన పోటును విడదీసి చూస్తే, లెక్కప్రకారం ఉండవలసిన దానిలో సుమారు మూడింట రెండు వంతులు తేలింది. మిగిలిన వంతు నేల లేవడంలో పోయిందన్నమాట. ఆ లెక్కన భూమి మొత్తంగా ఉక్కుతో పోల్చదగినంత గట్టిది. మన తీరపు రేవుల్లో ఎవరో పేరు తెలియని గుమాస్తాలు రాసిపెట్టిన అంకెలు భూగర్భం గట్టిదని తేల్చడానికి పనికొచ్చాయని విన్నప్పుడు, అదే కొలువు చేసినవాడిగా నాకు కాస్త గర్వం కలిగిన మాట నిజం.

ఇక్కణ్ణుంచి లవ్ సంఖ్యలకు దారి సులువైంది. ఆగస్టస్ లవ్ అనే ఆంగ్ల గణితవేత్త 1909లో ప్రవేశపెట్టిన ఈ సంఖ్యల్లో ఈ తరగతికి కావలసినవి రెండే. బయటి గ్రహం లాగినప్పుడు చందమామ ఉపరితలం ఎంత ఎత్తు లేచిందో చెప్పేది హెచ్-2. అలా రూపు మారడం వల్ల దాని సొంత గురుత్వాకర్షణ ఎంత మారిందో చెప్పేది కె-2. ఏమాత్రం లొంగని వస్తువుకు రెండూ సున్నా. లోపలంతా ఒకే సాంద్రత ఉన్న ద్రవానికి కె-2 విలువ 1.5, హెచ్-2 విలువ 2.5. భూమికి కె-2 సుమారు 0.3, మన చంద్రుడికి 0.024. పలక మీద ఈ నాలుగు ముక్కలూ రాసి, ఆమె కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారు. ఒక్క అంకెలో ఒక గోళం మెత్తదనమంతా ఇమిడిపోయిందని మాకు మేమే గ్రహించాలని కాబోలు.

మన చంద్రుడు భూమికి ఎప్పుడూ ఒకే ముఖం చూపినట్టే ఆ మంచు చందమామలు కూడా తమ గ్రహానికి ఒకే ముఖం చూపుతాయి. మరి వాటి మీద పోటు ఒకేచోట గడ్డకట్టినట్టు నిలిచిపోవాలి కదా, మారేది ఎక్కణ్ణుంచి అని మా మనవరాలు అడిగింది. సరైన ప్రశ్న. దారి పూర్తి వృత్తం కాకపోవడమే దానికి జవాబు. శని చందమామల్లోకెల్లా పెద్దదైన టైటన్ శనికి దగ్గరగా వచ్చినప్పుడు సుమారు 11 లక్షల 87 వేల కిలోమీటర్ల దూరంలో, దూరంగా పోయినప్పుడు 12 లక్షల 57 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పోటు కలిగించే శక్తి దూరపు ఘనాన్ని బట్టి తగ్గుతుంది కనుక ఈ రెండు అంకెల నిష్పత్తిని ఘనం చేస్తే 1.19 వస్తుంది. దూరంలో ఆరు శాతం తేడా, లాగుడులో పందొమ్మిది శాతం తేడా. అంటే పదహారు రోజులకు కాస్త తక్కువలో ఒక చుట్టు తిరిగే టైటన్ ప్రతి చుట్టులోనూ ఒకసారి సాగి, ఒకసారి సర్దుకుంటుంది. ఈ లెక్కను కాలిక్యులేటరు లేకుండా పెన్సిలుతో చేయించారు. పదహారేళ్ళ పిల్లా, డెబ్భై దాటిన నేనూ ఒకే జవాబుకు వచ్చాం. దానికి నాకంటే ఏడు నిమిషాల ముందే వచ్చిందన్న సంగతి ఇక్కడ రాయమని తనే చెప్పింది.

మధ్యాహ్నం భోజనాల ముందు పెట్టిన ప్రయోగం గురించి కాస్త వివరంగా రాయాలి. మూడు పళ్ళేలు. ఒకదానిలో గట్టి రబ్బరు బంతి, ఒకదానిలో నీళ్ళు నింపిన బుడగ, మూడోదానిలో గిన్నెడు జున్ను. జున్ను నాచారంలో పాలవాళ్ళింటి నుంచి తెచ్చారట, యాలకులు కూడా వేసి ఉన్నాయి. మూడింటి మీదా ఒకే బరువున్న తూకపు రాయిని వరసగా మోపి, తీసి, మళ్ళీ మోపి, చరవాణిలో నెమ్మదిగా కదిలే వీడియో తీసి చూడమన్నారు. బంతి మీద గుంటే పడలేదు. బుడగ రాయి మోపగానే లొంగింది, తీయగానే లేచింది. జున్ను కూడా బాగానే లొంగింది కాని, రాయి తీసిన తరవాత గుంట పూడడానికి అర సెకను పైనే పట్టింది, ఆ లోపల రెండో దెబ్బ పడింది. కె-2 అనే అంకెలో రెండు భాగాలుంటాయని, ఒకటి ఎంత లొంగిందో చెబుతుందని, రెండోది ఎంత ఆలస్యంగా లొంగిందో చెబుతుందని, ఆ ఆలస్యమే లోపల రాపిడితో పుట్టే వేడికి గుర్తని ఆమె అప్పుడు చెప్పారు. ఈ జున్ను సంగతి ఆ మర్నాడు ఎంత అవసరపడుతుందో అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. ప్రయోగం కాగానే వెనక వరసలో ఒకాయన పంచదార ఉందా అని అడిగారు, అది వేరే విషయం.

మొదటి రోజు సాయంత్రం పాఠం డాప్లర్ లెక్కలు, అంటే వేగాన్ని బట్టి తరంగం ఎంత మారుతుందన్న లెక్కలు. టైటన్ మీద మన రేవుల్లో లాగా కొలబద్ద నాటడం కుదరదు కనుక, దాని పక్కనుంచి పోయే అంతరిక్ష నౌకే కొలబద్ద. చందమామ ఆకారం మారితే దాని లాగుడు మారుతుంది, లాగుడు మారితే నౌక వేగం రవ్వంత మారుతుంది, వేగం మారితే నౌక భూమికి పంపే రేడియో తరంగం పౌనఃపున్యం మారుతుంది. నాసా కాసినీ నౌక 2004 నుంచి 2017 దాకా శని చుట్టూ తిరిగింది. దాని పెద్ద యాంటెన్నా నౌక ఒంటికే బిగించి ఉండేది. గురుత్వాకర్షణ కొలవాలంటే యాంటెన్నాను భూమి వైపు తిప్పి ఉంచాలి. అంటే ఆ సమయానికి కెమెరాలు టైటన్ వైపు చూడలేవు. అందుకే వందకు పైగా సార్లు టైటన్ పక్కనుంచి పోయినా, 2006 నుంచి 2011 వరకు ఈ పనికి దక్కినవి ఆరు ప్రయాణాలే. వాటిలో కొన్ని టైటన్ శనికి దగ్గరగా ఉన్నప్పుడూ, కొన్ని దూరంగా ఉన్నప్పుడూ పడేట్టు చూసుకున్నారు. ఏ కొలతకు ఎంత చోటు దక్కాలన్న తగవు మా రేవులోనూ ఉండేది. ఓడలు కట్టే చోటు కోసం మా గొట్టాన్ని మూడుసార్లు జరిపించారు.

పుస్తకం మీద నా మొదటి ఫిర్యాదు ఇక్కడే. 11వ పుటలోని అభ్యాసంలో, నౌక వేగంలో సెకనుకు 0.1 మీటరు తేడా వస్తే, సెకనుకు 840 కోట్ల కంపనాలుండే తరంగంలో ఎంత తేడా వస్తుందో కనుక్కోమని ఉంది. కాంతి వేగంతో భాగించి గుణిస్తే 2.8 కంపనాలు వస్తుంది. కాని కింద ఇచ్చిన జవాబు 0.0028. ఇరవై ఎనిమిది మంది నలభై నిమిషాల పాటు తమ గుణకారాన్నే అనుమానించుకున్నారు. కొందరు సున్నాలు చెరిపి మళ్ళీ వేశారు. చివరికి మా మనవరాలు నా చెవిలో, "తాతయ్యా, సరిగ్గా వెయ్యి రెట్లే తేడా వస్తోంది, వాళ్ళు మిల్లీమీటరుకు బదులు మీటరు వేసుంటారు" అంది. నేను చెయ్యెత్తి దాన్నే లేచి చెప్పమన్నాను. నిజానికి ఈ పద్ధతి గొప్పదనమంతా ఆ వెయ్యి రెట్లలోనే ఉంది. సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు వేగం తేడాను, కాంతికే గంటకు పైన పట్టే దూరం నుంచి వచ్చిన సన్నటి తరంగంలో పసిగట్టగలగడం అన్నదే ఆ అభ్యాసం చూపించవలసిన వింత. అచ్చుతప్పు సరిగ్గా ఆ వింతనే మింగేసింది. పాఠం చెప్పినామె వెంటనే తప్పు ఒప్పుకొని అందరి పుస్తకాల్లో దిద్దించారు. రుసుము తీసుకొని ఇచ్చే పుస్తకాన్ని అచ్చుకు ముందు ఇంకొకరి చేత చదివించి ఉంటే ఆ అవసరం వచ్చేది కాదు.

ఆదివారం పొద్దుటి పూట మొత్తం టైటన్‌కే కేటాయించారు, అది మంచి నిర్ణయం. 2012లో లూచానో యెస్ అనే ఇటలీ శాస్త్రవేత్త బృందం ఆ ఆరు ప్రయాణాల లెక్కలను రెండు రకాలుగా కట్టి, కె-2 విలువ ఒకదానిలో 0.589, ఇంకొకదానిలో 0.637 అని ప్రకటించింది. వాటి వెంట ఉండే ప్లస్ మైనస్ 0.150, 0.224. లోపలంతా గట్టిగా ఉండే గోళానికి ఇంత పెద్ద విలువ రాదు. గట్టి టైటన్ మీద పోటు ఒక మీటరు దరిదాపుల్లో ఉండాలి, ఈ లెక్కన పది మీటర్ల దాకా పోతోంది. మంచు పెంకు కింద సముద్రం ఉంటే పెంకు అడుగున పట్టు లేక సులువుగా సాగుతుంది కనుక ఆ విలువకు అదే సహజమైన వివరణ అయింది. 2019లో మరిన్ని ప్రయాణాలు కలుపుకొని చేసిన లెక్కలో 0.616, ప్లస్ మైనస్ 0.067 వచ్చింది. అంకె పెద్దగా కదలలేదు, దాని చుట్టూ ఉన్న సందేహం మాత్రం సగానికి పైగా తగ్గింది. ఆమె ఈ మూడు అంకెలనూ పలక మీద గీతలుగా గీసి, వాటి ప్లస్ మైనస్‌లను అటూ ఇటూ మీసాల్లా సాగదీసి, "సార్, మీ రేవులో ఎర్రసిరాతో రాసేది ఈ మీసమే కదా" అని నన్ను అడిగారు. అవునన్నాను. కొలతను దాని తప్పుతో సహా చెప్పకపోతే అది కొలత కాదని మా పాత అధికారి రోజూ అనేవారు. ఆకాశం గురించి చెప్పే ఏ ఉపన్యాసంలోనూ ఆ మీసాన్ని ఇంత శ్రద్ధగా చూపించగా నేను చూడలేదు.

అప్పుడు కథ తిరిగింది. 2025 డిసెంబరులో నేచర్ పత్రికలో నాసా పరిశోధన కేంద్రం జేపీఎల్‌కు చెందిన ఫ్లావియో పెట్రిక్కా బృందం అచ్చువేసిన పత్రాన్ని ఆమె పైకి తీశారు. కొత్త నౌక లేదు, కొత్త ప్రయాణం లేదు. అవే కాసినీ రేడియో కొలతలను మెరుగైన పద్ధతితో మళ్ళీ వడగట్టి, ఈసారి ఆలస్యాన్ని కూడా పట్టుకోగలిగారు. టైటన్ ఆకారం మారడం శని లాగుడు కంటే సుమారు పదిహేను గంటలు వెనకబడి ఉందని తేలింది. స్వేచ్ఛగా కదిలే సముద్రం మీద తేలే పెంకు అంత వెనకబడదు, లొంగడమూ లేవడమూ దాదాపు వెంటనే జరగాలి. వెనకబడిందంటే లోపల ఏదో చిక్కటిది రాపాడుతోంది. అందుచేత లోపల ఉన్నది గోళమంతా పరుచుకున్న సముద్రం కాదని, కరగడానికి దగ్గర్లో ఉన్న మెత్తటి మంచు ముద్ద అని, అక్కడక్కడ కరిగిన నీటి గుంటలు ఉండవచ్చునని ఆ బృందం వాదన. నిన్నటి జున్ను గిన్నె ఖాళీ అయిపోయింది గాని, హాల్లో అందరి కళ్ళూ ఆ బల్ల వైపే తిరిగాయి. బుడగా లొంగింది, జున్నూ లొంగింది. లొంగిన లోతు ఒక్కటే చూస్తే ఏది బుడగో ఏది జున్నో చెప్పలేం, తిరిగి లేవడానికి పట్టే సమయం చూస్తేనే తెలుస్తుంది. ముందురోజే ఆ ప్రయోగం పెట్టి, అదెందుకో చెప్పకుండా ఒక రాత్రి ఆగిన ఆమె ఓపికకు నమస్కారం.

ముందు వరసలో కూర్చున్న విశ్రాంత అధ్యాపకులొకరు, "అంటే పుష్కర కాలం పైగా చెప్పుకొచ్చిన సముద్రం లేనట్టేనా అమ్మా?" అని కొంచెం నిష్ఠూరంగానే అడిగారు. "లేదని తేలిపోయిందని నేననను సార్. యెస్ బృందం 2012లో చెప్పిన అంకె ఈరోజుకీ నిలబడే ఉంది, దాని అర్థం మీదే ఇప్పుడు వాదన. 2028లో బయలుదేరి 2034లో టైటన్ మీద దిగాల్సిన నాసా నౌక డ్రాగన్‌ఫ్లై భూకంపమాపకం కూడా తీసుకెళ్తోంది. అప్పుడు ఆటుపోట్లకు తోడు ఇంకో సాక్షి ఉంటుంది" అన్నారామె. ఇంత చక్కగా నోటితో చెప్పిన వ్యక్తి చేతికిచ్చిన పుస్తకం 14వ పుటలో మాత్రం "టైటన్ మంచు కింద సముద్రం ఉందని 2012లో రుజువైంది" అని నల్లటి అక్షరాల్లో ఉంది. తరగతికి రానివాళ్ళు స్నేహితుల దగ్గర ఆ పుస్తకం మాత్రమే చదివితే ఏమనుకుంటారు? నా రెండో ఫిర్యాదు ఇది, అచ్చుతప్పు కంటే పెద్దది. "రుజువైంది" అన్నచోట "కొలత అలా సూచించింది" అని రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మధ్యాహ్నం ఎన్సెలడస్ వంతు. శని చుట్టూ ముప్పై మూడు గంటల్లో తిరిగే ఈ బుల్లి చందమామ సగటు వ్యాసార్ధం 252 కిలోమీటర్లు. దీని దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరి, మంచు పొడి చిమ్ముతున్నాయని కాసినీ 2005లోనే చూసింది. 2014లో గురుత్వాకర్షణ కొలతలు దక్షిణ ధ్రువం కింద నీరుందని సూచించాయి. అది ఒక్క మూలనున్న చెరువా, గోళమంతా ఉన్న సముద్రమా అన్నది ఎత్తు కొలిచి కాక ఊగిసలాట కొలిచి తేల్చారు. ఇక్కడ ఆమె రెండు కొబ్బరికాయలు తెచ్చారు, ఒకటి మామూలుది, రెండోది కురిడీ. కోనసీమ వాళ్ళకు కురిడీ గురించి చెప్పనక్కర్లేదు: లోపలి కొబ్బరి ఎండి చిప్పను వదిలేసి గుండులా కదులుతూ ఉంటుంది. రెండింటినీ బల్ల మీద వేళ్ళతో చటుక్కున ఇటూ అటూ తిప్పమన్నారు. మామూలు కాయ చిప్పా కొబ్బరీ కలిసి బద్ధకంగా తిరిగింది. కురిడీలో చిప్ప చురుగ్గా తిరిగింది, లోపలి గుండు వెనకబడి తరవాత కొట్టుకుంది. ఎన్సెలడస్ పెంకు కూడా అలాగే, ప్రతి చుట్టులోనూ శని లాగుడుకు ఇటూ అటూ 0.120 డిగ్రీలు ఊగుతోందని, ఏడేళ్ళకు పైగా తీసిన చిత్రాల్లో గుంటల స్థానాలను సరిపోల్చి 2015లో ప్రకటించారు. భూమధ్యరేఖ దగ్గర అది సుమారు 530 మీటర్ల కదలిక. పెంకు లోపలి రాతికి అతుక్కొని ఉంటే ఊగిసలాట ఇంత ఉండదు. కనుక మధ్యలో, చుట్టూరా, నీరు. పోటు ఎత్తుకూ ఊగిసలాటకూ ఉన్న తేడాను ఇంకాస్త విడమర్చి ఉంటే బాగుండేది. కొందరు రెండూ ఒకటేననుకొని ఇళ్ళకు వెళ్ళారని నా అనుమానం.

గురుడి కుటుంబానికి మిగిలిన సమయం గంటంబావు మాత్రమే, పాఠం ఇక్కడ పరుగెత్తింది. మంచు లేని అయో గురించి ఒక్క ముక్క చెప్పారు: 2023 డిసెంబరు 30న, 2024 ఫిబ్రవరి 3న జూనో నౌక దానికి 1,500 కిలోమీటర్ల దరిదాపుల్లోకి పోయి చేసిన కొలతల్లో కె-2 విలువ 0.125 మాత్రమే వచ్చిందట. పైపొర కిందే గోళమంతా శిలాద్రవ సముద్రం ఉంటే ఇంతకంటే చాలా ఎక్కువ రావాలి కనుక ఆ ఊహ వీగిపోయింది. "ఉంది" అని చెప్పగలిగిన కొలబద్దే "లేదు" అని కూడా చెప్పగలదని చూపడానికి ఇది మంచి ఉదాహరణ, కాని రెండు నిమిషాల్లో దాటేశారు. యూరోపా మూడున్నర రోజుల్లో ఒక చుట్టు తిరుగుతుంది. కింద సముద్రం ఉంటే దాని మంచు ముప్పై మీటర్ల వరకు లేచి దిగాలి, లేకుంటే ఒక మీటరు. 2024 అక్టోబరు 14న బయలుదేరిన యూరోపా క్లిప్పర్ 2030 ఏప్రిల్లో గురుణ్ణి చేరి, యూరోపా పక్కనుంచి 49 సార్లు పోవాలన్నది ప్రణాళిక. ఐరోపా వారి జ్యూస్ నౌక 2023 ఏప్రిల్ 14న బయలుదేరింది, 2031 జులైలో గురుణ్ణి, 2034 డిసెంబరులో గనిమీడ్ కక్ష్యను చేరాలి. గనిమీడ్ మీద పోటు, సముద్రముంటే ఏడెనిమిది మీటర్లు. దాన్ని జ్యూస్ రెండు విధాలా కొలుస్తుంది: లేజరుతో నేల ఎత్తును, రేడియోతో లాగుడును. హెచ్-2, కె-2 రెండూ చేతికొస్తే మంచు పెంకు మందం ఎంతో కూడా లెక్కగట్టవచ్చునట. రెండు అంకెలు కలిస్తే మూడో సంగతి ఎలా తెలుస్తుందన్నది నేను చివరిదాకా ఎదురుచూసిన పాఠం, అదే దక్కలేదు. మూడో రోజు పెట్టి మరో ఐదారు వందలు తీసుకున్నా నేను కట్టేవాణ్ణి.

వసతుల గురించి చెప్పవలసింది తక్కువ. భోజనంలో బగారా అన్నం, మిర్చీకా సాలన్, పెరుగన్నం పెట్టారు, బాగున్నాయి. మైకు ఆదివారం అంతా కీచుమంది. లెక్కల కోసం పెట్టిన ల్యాపుటాపులు నలుగురికి ఒకటి చొప్పున వచ్చాయి, అందులోని అనుకరణ ప్రోగ్రాము పూర్తిగా ఇంగ్లీషులో ఉండడం వల్ల పక్కన కూర్చున్న గృహిణి ఒకరు రెండు రోజులూ దాన్ని ముట్టుకోలేదు. ఆవిడ పెన్సిలు లెక్కలు మాత్రం మాలో అందరికంటే శుభ్రంగా ఉన్నాయి. ఆన్‌లైన్లో రుసుము కట్టినప్పుడు సేవా రుసుమంటూ మరో 42 రూపాయలు అదనంగా పోయాయి. దానికి రసీదు అడిగితే ఇంకా రాలేదు.

పదో తరగతి లోపు పిల్లలను తీసుకెళ్ళవద్దని నా సలహా. ఘనమూ నిష్పత్తీ చేతికి రాకపోతే మొదటి మధ్యాహ్నానికే ఆవలింతలు వస్తాయి. ఇంటర్ స్థాయి లెక్కలు గుర్తున్నవారు, లేదా తూనికతోనో కొలతతోనో పొట్టపోసుకున్న నావంటివారు తప్పక వెళ్ళవచ్చు. తరవాతి విడత వచ్చే నెలలో ఉందని అక్కడే చెప్పారు, పుస్తకాలు మాత్రం పాతవే ఇంకా రెండు అట్టపెట్టెలు మిగిలి ఉండడం నేను చూశాను. వెళ్ళేవారు హాల్లో కూర్చోగానే 11వ పుట తెరిచి, "మీటరు" అన్నచోట "మిల్లీమీటరు" అని దిద్దుకోండి. నలభై నిమిషాలు మిగులుతాయి, ఆ నలభై నిమిషాలూ గనిమీడ్ గురించి అడగండి.